పేర్లు అయిపోయాయి, పదండి

మొన్న ఫిలింనగర్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. మండపం గుమ్మం దగ్గర రెండు పెద్ద రాతి స్తంభాలు. వాటి నిండా ఏనుగులు, లతలు, శంఖాలు. వచ్చినవాళ్లందరూ వాటి పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. నేనూ దగ్గరికి వెళ్లి, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా, వేలు మడిచి మెటికతో స్తంభాన్ని రెండుసార్లు తట్టాను. లోపల డొల్ల. రాయీ లేదు, రప్పా లేదు, అంతా ప్లాస్టరు. పక్కనున్న పట్టుచీర ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తట్టడం నాది కాదు, మా నాన్నది. మనిషి పోయి ఇన్నేళ్లయింది, ఇంకా నా వేల్లోంచి పోడేం?

మా నాన్న సినిమా సెట్ల మేస్త్రీ. తెర మీద 'కళ' అని పెద్ద అక్షరాల్లో పడే పేరు వేరే పెద్దమనిషిది. ఆయన కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చి కారెక్కి వెళ్లిపోయేవాడు. ఆ బొమ్మని చెక్కతో, వెదురుతో, గోనెపట్టాతో, ప్లాస్టర్‌తో మనుషులు తిరిగేలా నిలబెట్టేవాడు మా నాన్న. జమీందారు మేడ, జైలు, గుడి, కోర్టు, రాక్షసుడి గుహ, ఏది కావాలంటే అది. మద్రాసులో ఈ పని నేర్చుకుని, పరిశ్రమ ఇటు కదులుతున్న రోజుల్లో, ఎనభైల్లో, అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాడు. రహమత్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో దిగాం. పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని జూబ్లీహిల్స్ గుట్ట ఎక్కేవాడు, చీకటి పడ్డాక తల నిండా తెల్ల పొడితో దిగేవాడు.

ఆయనకి ప్రతిదాన్నీ తట్టి చూడటం అలవాటు. గోడ, తలుపు, గుడి స్తంభం, బ్యాంకు కౌంటరు, ఎక్కడికి వెళ్తే అక్కడ మెటికతో రెండు దెబ్బలు. తట్టి ఊరుకుంటే బాగుండేది, తీర్పు కూడా చెప్పేవాడు. నా పెళ్లి మాటలకని శ్రీనగర్ కాలనీలో మా అత్తగారింటికి వెళ్లినప్పుడు, కాఫీ ఇంకా చేతికి రాకముందే వాళ్ల బీరువా తలుపు తట్టి, "ఇది టేకు కాదు, పైన పాలిష్ మాత్రం బాగా కొట్టారు" అన్నాడు. మా అత్తగారి మొహం ఎలా మాడిందో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. ఆ సంబంధం కుదరడం మా ఆయన మంచితనం తప్ప మరొకటి కాదు.

ముక్కు మీద కోపం అంటారే, మా నాన్నకి ముక్కు మీదే కాదు, ఒళ్లంతా కోపమే. ఎండని తిట్టేవాడు, ప్లాస్టర్ ఆరనివ్వడం లేదని వానని తిట్టేవాడు. కెమెరామన్లని, హీరోలని, సెట్ మీద చెప్పులతో నడిచే హీరోల తమ్ముళ్లని తిట్టేవాడు. అప్పుడు జూబ్లీహిల్స్‌లో ఇళ్ల కంటే బండలే ఎక్కువ. ప్లాట్లు చదును చెయ్యడానికి రోజూ ఎక్కడో ఒకచోట మందు పెట్టి పేల్చేవాళ్లు. "బయట దేవుడు చేసిన బండల్ని పేల్చేస్తున్నారు, లోపల నన్ను గోనెపట్టాతో బండలు చెయ్యమంటున్నారు. వీళ్ల బుర్రల్లో ఏముందో తట్టి చూడాలి" అని అరిచేవాడు. ఆయనకి కుడిభుజం షేక్‌పేట మల్లేశం మామ, సెట్‌కి రంగులు వేసేవాడు. నాన్న అంతసేపు తిడుతుంటే మల్లేశం మామ కుంచె ముంచుకుంటూ ఊఁ కొడుతుండేవాడు.

ఆ కోపాలన్నిటికీ అడుగున ఒక్కటే కోపం ఉందని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆయన పేరు ఒక్కసారి కూడా తెర మీద పడలేదు. అదీ సంగతి.

మా నాన్న చూసిన సినిమాలు లెక్కలేనన్ని. పూర్తిగా చూసింది ఒక్కటీ లేదు. తను పనిచేసిన ప్రతి సినిమాకీ మొదటిరోజు మమ్మల్ని తీసుకెళ్లేవాడు. దీపాలు ఆర్పగానే ముందు సీటు మీద రెండు చేతులూ ఆన్చి ముందుకి వంగేవాడు. పేర్లు మొదలయ్యేవి. హీరో, హీరోయిన్, మాటలు, పాటలు, సంగీతం, కళ. తర్వాత చిన్న అక్షరాల్లో సహాయకులు, మేకప్, దుస్తులు. ఒక్కో సినిమాలో వంటవాళ్ల పేర్లు కూడా పడేవి. చివరికి దర్శకుడి పేరు పడేది. అది పడీ పడగానే మా నాన్న లేచి నిలబడేవాడు.

"పేర్లు అయిపోయాయి, పదండి."

అమ్మ గొడవపెట్టుకునేది. కథ ఇంకా మొదలే అవలేదు కదండీ అని బతిమాలేది. "కథ నాకెందుకు? ఆ కథలో ఇల్లు కట్టింది నేనే" అని మా ఇద్దరి మోకాళ్ల మీదుగా బయటకి నడిచేవాడు. వెనక వరసవాళ్లు తిట్టేవాళ్లు, ఈయన తిరిగి వాళ్లని తిట్టేవాడు. అమ్మకి ఏ సినిమాకి కెమెరా ఎవరో, ఎడిటింగ్ ఎవరో కంఠతా వచ్చు, హీరో చివరికి బతికాడో లేదో మాత్రం తెలియదు. కొన్నాళ్లకి విసిగిపోయి ఇక ఆయనతో సినిమాకి రానని తెగేసి చెప్పింది. అప్పటినుంచి మల్లేశం మామని వెంటబెట్టుకు వెళ్లేవాడు. ఆయన కూడా పేర్లవరకే.

ఒకసారి ఆ కళ పెద్దమనిషిని నోరు తెరిచి అడిగాడట, కింద చిన్న అక్షరాల్లో నా పేరు కూడా వేయించండి అని. మేస్త్రీ పేరు వేస్తే రేపు మేకులు కొట్టినవాళ్ల పేర్లు కూడా వెయ్యమంటారని ఆయన నవ్వాడట. వెయ్యండి మరి, మేకు కొట్టకపోతే మీ బొమ్మ నిలబడుతుందా అని మా నాన్న అడిగాడట. తర్వాత నెలరోజులు పని లేక ఇంట్లో కూర్చున్నాడు.

నేను మొదట చూసిన దీవి జూబ్లీహిల్స్‌లో ఉంది. నేను పదో తరగతిలో ఉండగా ఒక పాట కోసం మా నాన్న దాన్ని కట్టాడు. లారీలతో ఇసుక తోలించి పోశారు. ఇనప గొట్టాలకి కొబ్బరిపీచు చుట్టి, పైన పచ్చి మట్టలు కట్టి కొబ్బరిచెట్లు చేశారు. మూడోరోజుకి మట్టలు వాడిపోతే మళ్లీ కొత్తవి కట్టేవాళ్లు. నీళ్ల తొట్టెలో నీలం కలిపారు. వెనక గుడ్డ మీద మల్లేశం మామ ఆకాశం వేశాడు. నాన్న నన్ను తీసుకెళ్లి ఆ ఇసుకలో నిలబెడితే నాకు నిజంగా ఎక్కడో సముద్రం మధ్యకి వచ్చినట్టే అనిపించింది. వారం తిరక్కుండా గునపాలతో దాన్ని పీకేశారు. సెట్ పీకేటప్పుడు మా నాన్న ఎప్పుడూ అక్కడ ఉండేవాడు కాదు. బయట టీ బండి దగ్గర స్టూడియోకి వీపు పెట్టి నిలబడేవాడు. ఆ రోజు నేను ఏడుస్తుంటే, ఏడవడానికి ఏముంది, అసలు ఉన్నదైతే కదా పోవడానికి అని నన్ను కూడా కసిరాడు.

నా పెళ్లయింది. మా ఆయనకి మారిషస్‌లో ఒక హోటల్లో ఉద్యోగం వస్తే తొంభైల మొదట్లో అక్కడికి వెళ్లాం. వెళ్లిన ఏడాదికే మన సినిమావాళ్లు పాటలు తియ్యడానికి అక్కడికి రావడం మొదలైంది. ఒకడొచ్చి వెళ్లాడు, వాణ్ణి చూసి ఇంకోడు, వాణ్ణి చూసి పదిమంది. తెలుగు మాట్లాడేవాడు దొరికాడు కదా అని అందరూ మా ఆయన్నే పట్టుకునేవాళ్లు. గదులు, వ్యాన్లు, అనుమతులు, పడవలు, అన్నీ ఆయనే చూసిపెట్టేవాడు. ఉద్యోగం మానేసి అదే పనిగా పెట్టుకున్నాడు. నేను ముప్పై నలభై మందికి పప్పు, పులిహోర, రసం వండి పంపేదాన్ని. మా ఇల్లు గడిచేది దానిమీదే.

దానర్థం ఏమిటో నాకు తెలియక కాదు. నిజం దీవి దొరికాక జూబ్లీహిల్స్‌లో దీవి ఎవడికి కావాలి? అమ్మ ఉత్తరాల్లో నాన్న పని సంగతి తగ్గుతూ వచ్చింది. ఒక ఉత్తరంలో, 'మీ నాన్న ఇంట్లో కుర్చీలకి రంగులు వేస్తున్నారు. వేసినవాటికే మళ్లీ వేస్తున్నారు' అని రాసింది. అది చదివి రెండురోజులు అన్నం సయించలేదు. టిక్కెట్లు పంపించి ఇద్దర్నీ రమ్మన్నాం.

విమానం ఎక్కీ ఎక్కగానే కిటికీ పక్క గోడ తట్టి, "డొల్ల" అని అందరికీ వినపడేలా అన్నాడట. దిగేదాకా అమ్మ ఆంజనేయ దండకం చదువుతూనే ఉందట.

మా ఆయన పనులు మానుకుని రోజూ వ్యాన్‌లో దీవంతా తిప్పాడు. అమ్మ సంబరం చూడాలి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఎక్కడ దిగితే అక్కడ, ప్రతి నీళ్లలోనూ కాళ్లు పెట్టింది. చెరుకు తోటలు చూసి మన గోదావరి జిల్లాలా ఉందే అంది. గుడిలో ఎవరో ముసలావిడ, తాతలనాడు కూలికి వచ్చినవాళ్ల సంతతి, తెలుగు పాట పాడుతుంటే, ఆవిడకి ఆ పాట తప్ప తెలుగులో ఒక్క ముక్క రాదని తెలిసి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మా నాన్న మాత్రం కారాలు మిరియాలు నూరుతూనే తిరిగాడు. సముద్రం చూసి, ఈ నీలం ఎవడూ నమ్మడు, తెర మీద చూస్తే మల్లేశం రంగు ఎక్కువేశాడంటారు అన్నాడు. ఏడు రంగుల మట్టి ఉన్నచోట కంచె మీంచి వంగి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలుపుతుంటే కాపలావాడు ఈల ఊదాడు. వాణ్ణి తెలుగులో తిట్టాడు. వెడల్పాటి తామరాకులు చూపిద్దామని తోటకి తీసుకెళ్తే, కర్రతో ఆకుని తట్టి, ఇంత పెద్ద ఆకు పెడితే డైరెక్టర్ ఒప్పుకోడన్నాడు. దేవుడు వేసిన సెట్‌కి కూడా ఈయనే మేస్త్రీ అయినట్టు, వెళ్లిన ప్రతిచోటా తప్పులే.

మూడోరోజు సాయంత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వ్యాన్‌లోనే అడిగేశాను. "అమ్మని కూడా సంతోషంగా చూడనివ్వవేం నాన్నా? అసలు ఇక్కడికి ఎందుకొచ్చావ్?"

ఆయన కిటికీలోంచి సముద్రాన్నే చూస్తూ, "నా పని ఎవరు తీసుకుపోయారో చూద్దామని" అన్నాడు.

మా ఆయన వ్యాన్ నడుపుతున్నాడు.

మర్నాటినుంచి నాన్న మాతో రానన్నాడు. మా ఇంటికి కొంచెం దూరంలో ఒడ్డున ఒక ముసలి వడ్రంగి పడవలు చేసేవాడు. రోజంతా అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన మాట ఈయనకి రాదు, ఈయన మాట ఆయనకి రాదు. నేను అన్నం తీసుకెళ్లేసరికి ఇద్దరూ ఒకే పలకని చెరోవైపు పట్టుకుని వంపు తిప్పుతూ కనపడేవాళ్లు. మొదటిరోజు నాన్న పడవని తట్టాడు. గట్టి చెక్క. ముసలాయన నవ్వి తనూ తట్టాడు. ఆ దీవిలో మా నాన్న తిట్టని మనిషి ఆయన ఒక్కడే.

అప్పుడే హైదరాబాదు నుంచి ఒక యూనిట్ దిగింది. పాట మొత్తం సముద్రం ఒడ్డున ఒక పూరిగుడిసె చుట్టూ తియ్యాలి. చూసి పెట్టుకున్న గుడిసె ఒక హోటల్‌వాళ్లది. తీరా వచ్చాక, మా అతిథులకి ఇబ్బంది, కుదరదని వాళ్లు మొండికేశారు. రెండురోజులు వాన. హీరోయిన్ తిరిగి వెళ్లాల్సిన రోజు ముంచుకొస్తోంది. నిజం దీవి ఉండగా కళవాళ్లెందుకని ఆర్ట్ డైరెక్టర్‌ని తీసుకురాలేదు. మా ఆయన ఇంటికొచ్చి తల పట్టుకు కూర్చున్నాడు. ఈ యూనిట్ ఉత్తచేతులతో వెళ్తే మళ్లీ తన దగ్గరికి ఎవరూ రారన్నాడు. నాన్న అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "చెరుకాకు దొరుకుతుందా?" అని ఒక్క మాట అడిగాడు.

చెరుకాకు కావలసినంత. ఒడ్డంతా సరుగుడు చెట్లే, వాసాలకి పడవ ముసలాయన తన దగ్గరున్న సరుగుడు కర్రలన్నీ ఇచ్చేశాడు. నాన్న మమ్మల్నందర్నీ పనిలో పెట్టాడు. మా ఆయన కర్రలు మోశాడు. అమ్మా నేనూ చెరుకాకు దులిపి కట్టలు కట్టాం. కట్ట వదులుగా ఉంటే విప్పించి మళ్లీ కట్టించాడు. అమ్మ చేతులు గీరుకుని నెత్తురు వస్తుంటే కొంగు చుట్టుకుని కట్టింది తప్ప ఆగలేదు. తిట్లకి అంతులేదు. కానీ అవి వేరే తిట్లు, హుషారుగా ఉన్న తిట్లు. రోజున్నరలో గుడిసె లేచింది. ఏటవాలు కప్పు, ముందు చిన్న వసారా, గుమ్మం పక్కన పడవ తెడ్డు. నూరేళ్లుగా ఎవరో అందులో కాపురం ఉన్నట్టుంది.

డైరెక్టర్ వచ్చి నోరు తెరుచుకుని చూశాడు. ప్రొడక్షన్ మేనేజర్ పరుగున వచ్చి నాన్న రెండు చేతులూ పట్టుకుని, "బాబాయ్, మా పరువు నిలబెట్టావ్. నీ పేరు టైటిల్స్‌లో నేను వేయిస్తా. ఇది నా మాట" అన్నాడు. మా నాన్న నా కూరల చీటీ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, వసారాలో కూర్చుని, సినిమా అక్షరాల్లా గుండ్రంగా, ఇంటిపేరుతో సహా తన పేరు రాసి ఇచ్చాడు. మేనేజర్ దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం దగ్గర నాన్న అమ్మని అడిగాడు, ఒక్కో పేరు తెర మీద ఎంతసేపు ఉంటుందంటావ్ అని. ఇన్నేళ్లు చూశారుగా, మీకే తెలియాలి అంది అమ్మ. "వేరేవాళ్ల పేర్లకి అంత చూడలేదు" అన్నాడు.

పాట అయిపోయింది, యూనిట్ వెళ్లిపోయింది. గుడిసె ఎప్పుడు పీకేస్తారని నాన్న మా ఆయన్ని అడిగాడు. ఎవరూ పీకరు, పడవల ముసలాయన సామాను పెట్టుకుంటాడట అని చెప్పాడు మా ఆయన. నాన్న నమ్మలేదు. ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే వెళ్లి చూసి వచ్చేవాడు, ఉందా లేదా అని. వెళ్లే రోజు విమానాశ్రయానికి బయల్దేరబోతూ కూడా అక్కడ వ్యాన్ ఆపించి, దిగి, గుంజని రెండుసార్లు తట్టి ఎక్కాడు.

వాళ్లు వెళ్లిన నాలుగు నెలలకి హైదరాబాదు నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు. మా ఆయన ఊళ్లో లేడు. నేను పొయ్యి మీద కుక్కర్ పెట్టి ఉన్నాను. అమ్మా, బాబాయ్ ఇచ్చిన కాగితం ఎక్కడో పోయింది అన్నాడు. నాకు పేరు తెలుసు కదా, చెప్తాను రాసుకోండి అన్నాను. ఆయన కొంచెం నసిగాడు. టైటిల్స్‌లో చోటు లేదని నిర్మాత అంటున్నాడట. కృతజ్ఞతల కార్డులో మారిషస్ తరఫున ఒక్క పేరే పడుతుందట.

"బాబాయ్ పేరా, మీవారి పేరా, మీరే చెప్పండమ్మా. టైటిల్స్ రాసేవాడు పక్కనే కూర్చున్నాడు. మీవారి పేరు పడితే రేపు నలుగురు నిర్మాతలు చూస్తారు, అది కూడా చూసుకోండి మరి."

కుక్కర్ రెండు విజిళ్లు వేసింది. నేను మా ఆయన పేరు చెప్పాను.

ఇంటిపేరుతో సహా చెప్పాను. మూడో విజిల్‌కి ఫోన్ పెట్టేసి పొయ్యి ఆర్పాను. మా ఆయన వచ్చాక మీ పేరు పడుతుందట అన్నాను. మామయ్యగారి పేరో అని అడిగాడు. అది వేరే కార్డులో ఉంటుందేమో అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని నాకు అంతకుముందు తెలియదు.

సినిమా వచ్చింది. మొదటిరోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఫోన్ మోగింది. నాన్న. ఆయన ఎప్పుడూ తనంతట తను ఫోన్ చేసిన మనిషి కాదు. బూత్‌లోంచి చేస్తున్నాడు, వెనక బస్సుల మోత. "అల్లుడి పేరు పడిందమ్మా. పెద్దగానే పడింది" అన్నాడు. నీ పేరో అని అడిగాను. ఏమీ తెలియనట్టు అడిగాను. "రాలేదులే" అన్నాడు.

నేను రెచ్చిపోయాను. మేనేజర్ని తిట్టాను. మాటతప్పిన వెధవలు, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు అని దుమ్మెత్తిపోశాను. మా అమ్మ చేతుల నెత్తురు, నా ముప్పైమంది వంట, రోజున్నర గొడ్డుచాకిరీ, అన్నీ ఏకరువు పెట్టాను. నిర్మాతని, డైరెక్టర్ని, ఎప్పుడో నవ్విన ఆ కళ పెద్దమనిషిని, మొత్తం ఫిలింనగర్‌ని కడిగి పారేశాను. మా నాన్న కూతురినని అనిపించుకున్నాను. తిట్టినకొద్దీ అది నిజమే అనిపించింది. నాన్న అంతా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "సినిమా మొత్తం చూశానమ్మా" అన్నాడు. గుడిసె ఎలా ఉంది నాన్నా అన్నాను. "బాగుంది. ఇంక పెట్టేస్తాను, మల్లేశం ఎండలో నిలబడ్డాడు" అన్నాడు.

తర్వాత రెండేళ్లకే పోయాడు. నిద్రలో పోయాడు. ఎవర్నీ తిట్టకుండా చేసిన మొదటి పని అదే. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. పదకొండోరోజు, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, మల్లేశం మామ నా పక్కన మెట్ల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, నీకొక మాట చెప్పాలె. మేస్త్రీ చెప్పొద్దన్నడు. ఇప్పుడు ఆయననే లేకపాయె" అని మొదలుపెట్టాడు. "గా సినిమాకు నేను పోయిన ఆయనెంట. పేర్లు పడ్డయి. అల్లుని పేరు పడ్డది, మేస్త్రీది రాలే. ఎప్పటిలెక్క పోదమని నేను లేసి నిలబడ్డ. మేస్త్రీ లేవలే. కూసో మల్లేశం అన్నడు. సినిమా ఖతమైందాంక కూసున్నం. మందంత పోయినంక గూడ జర సేపు గట్లనే కూసుండు."

నేను కింది మెట్టు వంకే చూస్తూ కూర్చున్నాను.

"బయటికొస్తే గా మేనేజర్ ఎదురైండు. నా తప్పు లేదు బాబాయ్, మీ బిడ్డనే అల్లుని పేరు చెప్పింది, కావాలంటే అడుగు అన్నడు. మేస్త్రీ తిట్టలే. అమ్మాయి సరిగ్గానే చెప్పింది అన్నడు. అని సీదా ఫోన్ కాడికి నడిచిండు."

అంటే ఫోన్ చేసేసరికే ఆయనకి తెలుసు. నేను ఊళ్లోవాళ్లందర్నీ తిడుతుంటే, బస్సుల మోతలో, ఎండలో, ఆ బూత్‌లో నిలబడి, అంతా తెలిసి విన్నాడు.

నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇప్పటికీ తగ్గలేదు. ఎండనీ వాననీ వదల్లేదు, సముద్రానికి రంగు ఎక్కువైందని తిట్టాడు, దేవుడి మట్టికి వంక పెట్టాడు. తిట్టవలసిన ఒక్కచోట నోరు మూసుకున్నాడు. ఒక్క మాట, నువ్వే కదే చెప్పింది అని ఒక్క మాట అని ఉంటే, నేను ఏడ్చేదాన్ని, కాళ్లు పట్టుకునేదాన్ని, మా ఇంటి సంగతి చెప్పుకునేదాన్ని. ఆ అవకాశం నాకు లేకుండా చేసి వెళ్లిపోయాడు. ఇన్ని పేజీలు రాసి ఆయన పేరు ఎక్కడా రాయలేదేమని మీరు అడగొచ్చు. రాసే మొహం నాకు లేదు.

ఆ గుడిసె మరుసటేడు తుఫానుకి పోయింది. పడవల ముసలాయన దాని గుంజ ఒకటి చాలాకాలం అట్టేపెట్టాడు. మేం ఇప్పుడు హైదరాబాదు తిరిగొచ్చి శ్రీనగర్ కాలనీలోనే ఉంటున్నాం. అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఈ సంగతి ఆమెకి తెలియదు, మల్లేశం మామ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. జీవితంలో ఆయన పూర్తిగా చూసిన ఒకే ఒక్క సినిమా కూడా నేను పక్కన లేనప్పుడే చూశారని అమ్మ అప్పుడప్పుడు సణుగుతుంటుంది.

అమ్మకి సినిమాలంటే ఇప్పటికీ పిచ్చి. నెలకొకటి తీసుకెళతాను. టిక్కెట్లు చింపించుకుని కూడా నేను లోపలికి వెళ్లను, బయట వరండాలోనే నిలబడతాను. ఎందుకని అమ్మ మొదట్లో అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది. తనూ నా పక్కనే ఆగి, తలుపు తెర కొంచెం పక్కకి తీసి లోపలికి తొంగి చూస్తూ ఉంటుంది. దర్శకుడి పేరు పడగానే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుంది.

"పేర్లు అయిపోయాయి, పద."